వేగము, చలాను, లైసెన్సు

రామగిరి మొదలుకొని గోదావరిఖని, రామగుండము వఱకు గల బొగ్గు ప్రాంతములో స్టీరింగు మీద బ్రతుకువారు లేని వాడ అరుదు. బొగ్గు లారీ, ఇసుక టిప్పరు, జీపు, ఆటో, ఏది నడిపినను ఆ బ్రతుకునకు ఆధారము ఒక్క చిన్న కార్డు. రాజీవ్ రహదారిపై వేగము మీరినపుడు సెల్‌ఫోనునకు వచ్చు చలానును మనలో పలువురము కరెంటు బిల్లువలెనే చూతుము. కట్టిన తీరిపోవును, కట్టకున్న ఎప్పుడో తగ్గింపు రాకపోదనుకొందుము. ఆ ఊహ నిరాధారమును కాదు. తెలంగాణలో 2022 మార్చిలో ఒకమారు, 2023 డిసెంబరు చివర మరియొకమారు పాత చలానులపై పెద్ద రాయితీలు ఇచ్చిరి. రెండవమారు ద్విచక్ర వాహనములకు నూటికి 80 వంతులు తగ్గించిరి. కాని అతివేగపు చలానులో డబ్బు చిన్న సంగతి. పెద్ద సంగతి లైసెన్సు.

1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 183వ సెక్షను అతివేగమునకు శిక్ష చెప్పుచున్నది. 2019 సవరణ ప్రకారము కారువంటి తేలిక బండికి 1,000 మొదలు 2,000 రూపాయలు, లారీలకు బస్సులకు 2,000 మొదలు 4,000 రూపాయలు జరిమానా. చలానుపై అంకె వేరుగా నుండిన ఆశ్చర్యపడ నక్కరలేదు. కోర్టునకు పోకుండ తీర్చుకొను రాజీ మొత్తమును నిర్ణయించు అధికారము రాష్ట్రమునది. అయితే ఆ మొత్తము కట్టినంత మాత్రమున నేరము మాసిపోదు. రాజీపడిన నేరమును పూర్వపు నేరముగానే లెక్కింపవలెనని 200వ సెక్షనులో అదే సవరణ చేర్చినది. రెండవమారు నేరము జరిగినచో లైసెన్సును స్వాధీనము చేసికొందురు. 206వ సెక్షను ప్రకారము మొదటిమారే తీసికొను అధికారమును పోలీసులకు కలదు.

కార్డు తీసికొన్న అధికారి రసీదు ఇచ్చును. ఆ రసీదుతో బండి నడుపవచ్చునని కొందఱు నమ్ముదురు. చట్టము స్పష్టముగా కాదన్నది. కార్డు అక్కడినుండి లైసెన్సు అధికారి కడకు పోవును. 19వ సెక్షను ననుసరించి ఆయన డ్రైవరు చెప్పుకొనునది విని, కారణములు వ్రాసి, మొదటి నేరమునకు మూడు నెలలు అనర్హుని చేయవచ్చును. మరల జరిగినచో లైసెన్సునే రద్దు చేయవచ్చును. మూడు నెలలనగా లారీ డ్రైవరు ఇంటికి మూడు నెలల బియ్యము. కావున ఆ విచారణకు పిలుపు వచ్చినపుడు పోకుండుట తగదు. తన మాట వినిపించుకొనుట డ్రైవరు హక్కు. ఉత్తరువు అందిన 30 దినములలో అప్పీలునకును వీలున్నది. అనర్హత నడుచుచుండగా "ఒక్క ట్రిప్పే కదా" అని స్టీరింగు పట్టుట వేరొక నేరము. దానికి మూడు నెలల వఱకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింతురు.

ఇందు మఱియొక చిక్కు కలదు. కెమెరా చదువునది బండి నంబరును. చలాను పోవునది యజమాని ఫోనునకు. నడిపినవాని పేరు, లైసెన్సు వివరములు అడిగినపుడు చెప్పవలసిన బాధ్యత యజమానిది. పనివానికి ఆ సంగతి ఆలస్యముగా తెలిసిన, వాదించు అవకాశము జాఱిపోవును. ఆ దినమున ఆ బండి ఎవరు నడిపిరో వ్రాసియుంచు పుస్తకము ఇరువురికిని రక్ష. చలానులోని ఫొటో, నంబరు ప్లేటు, తేదీ, వేళ, స్థలము, యంత్రము చూపిన వేగము సరిచూచుకొనవలెను. ఒక్క సాక్షి కంటి అంచనాతో మాత్రమే, యంత్రపు కొలత లేక, అతివేగ నేరము నిలువదని 183వ సెక్షనే చెప్పుచున్నది.

అదే సెక్షనులో లారీ డ్రైవర్లలో అనేకులు విననిది ఇంకొకటి కలదు. తన క్రింది వానిచేత అతివేగముగా నడిపించినవాడును శిక్షార్హుడే. వేగపరిమితి మీఱక చేరుట సాధ్యముకాని గడువు పెట్టి ఆజ్ఞ ఇచ్చినచో, ఆ ఆజ్ఞయే యజమానిపై ప్రాథమిక సాక్ష్యమగును. ఇన్ని గంటలలో ఇన్ని ట్రిప్పులు పడవలెనని కాగితముపై గాని ఫోనులో గాని ఆజ్ఞ వచ్చినపుడు డ్రైవరు దానిని చెఱిపివేయక దాచుకొనుట మంచిది.