పూత వెనుక గోడ: బ్రైటన్, హోవ్ వరుస గృహాల నిర్మాణ స్వరూపం

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్‌లోనూ, దానిని ఆనుకొని ఉన్న హోవ్‌లోనూ సముద్రానికి అభిముఖంగా నిలిచిన వరుస గృహాలు వాటి ముఖభాగాల సౌష్ఠవానికి ప్రసిద్ధి పొందాయి. పక్కపక్క ఇళ్లు ఉమ్మడి గోడను పంచుకొంటూ, వీధి పొడవునా ఒకే సౌధంలా కనిపించే నిర్మాణాలివి. అయితే కంటికి కనిపించే పూతకూ, దాని వెనుక ఉన్న గోడకూ పోలిక లేదు. వీటి పరిరక్షణలో ఎదురయ్యే చిక్కులకు మూలం ఈ వ్యత్యాసమే.

బ్రైటన్ తొలుత మత్స్యకారుల ఊరు. సముద్రజలం గ్రంథి వ్యాధులకు ఔషధమని రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు 1750లో లాటిన్ గ్రంథం ద్వారా ప్రతిపాదించాడు. అనంతర కాలంలో నాలుగవ జార్జ్‌గా రాజ్యమేలిన యువరాజు 1783లో ఇక్కడికి తొలిసారి వచ్చాడు. దానితో సంపన్నుల విడిది గృహాలకు గిరాకీ పెరిగింది. 1798–1807 మధ్య నిర్మితమైన రాయల్ క్రెసెంట్‌లోని 14 ఇళ్లు ఈ పట్టణంలో ఒకే రూపకల్పనగా వెలసిన తొలి వరుస.

ఆ ఇళ్ల ముఖభాగంలో నల్లగా మెరిసేవి ఇటుకలు కావు, ‘మ్యాథమెటికల్ టైల్స్’ అనే పెంకులు. వీటి పైభాగాన్ని చెక్క పట్టీలకు మేకులతో బిగించి, దానిని పై వరుస పెంకు కప్పేలా అమర్చి, సందులను సున్నంతో నింపుతారు. బయటికి కనిపించే అంచు అచ్చం ఇటుక వరుసలా ఉంటుంది. 1784 నాటి ఇటుక పన్నును తప్పించుకోవడానికే ఈ పద్ధతి పుట్టిందన్న వాదం ప్రచారంలో ఉన్నా, అది నిలవదు; అదే చట్టం పెంకులపైనా పన్ను విధించింది. తేలికగా ఉండటం, వానను తట్టుకోవడం, విల్లులా ముందుకు వంగిన కిటికీ గోడలపైనా అమర్చగలగడం ఇంతకంటె నమ్మదగిన కారణాలు.

1820లలో పెంకుల స్థానాన్ని స్టకో పూత ఆక్రమించింది. 1823లో థామస్ రీడ్ కెంప్ తలపెట్టిన కెంప్ టౌన్‌కు ఏమన్ వైల్డ్స్, చార్ల్స్ బస్బీ రూపకర్తలు. ఆ వెంటనే హోవ్‌లోని బ్రన్స్‌విక్ టౌన్‌కు బస్బీయే రూపకల్పన చేశాడు. వీధివైపు రూపం వాస్తుశిల్పిది, లోపలి ఏర్పాటు చాలావరకు కట్టించుకొన్నవారిది. అందువల్ల ఒకే తీరున్న ముఖభాగాల వెనుక గదుల అమరిక ఇంటింటికీ మారుతుంది. వైల్డ్స్ కుటుంబం తమ పేరును స్ఫురింపజేసే అమ్మొనైట్ శిలాజపు చుట్టను స్తంభశీర్షాలపై చెక్కించడం ఒక చమత్కారం. కెంప్ మాత్రం అప్పులపాలై 1837లో దేశం విడిచాడు. అనుకొన్న 250 ఇళ్లలో 106 మాత్రమే కట్టారు.

పూత వెనుక తరచు కనిపించేది ‘బంగరూష్’. సున్నం, ఇసుక, చెకుముకి రాళ్లు, గులకరాళ్లు, విరిగిన ఇటుకలు కలిపి బల్లల మధ్య పోసి గట్టిపరచిన గోడ అది. దొరికిన సామగ్రితో చవకగా, త్వరగా లేచేది. నీరు ఎక్కువైతే ఇందులోని సున్నం కరుగుతుంది, పూర్తిగా ఎండితే గోడ పొడిగా రాలుతుంది. గొట్టంతో గురిచూసి నీళ్లు కొడితే సగం బ్రైటన్ కూలుతుందన్న స్థానిక హాస్యోక్తిలో అతిశయోక్తి ఉన్నా అసత్యం లేదు.

బ్రన్స్‌విక్ టౌన్ ముఖభాగాలకు నిర్ణీత కాలవ్యవధిలో రంగు వేయించాలని 1830 నాటి చట్టం యజమానులను ఆదేశించింది. దీనిని సౌందర్య నియమంగా మాత్రమే చదవడం పొరపాటు. ఉప్పుగాలికి పూత బీటలు వారితే మొదట తడిసేది బలహీనమైన ఈ గోడే. అయితే బీటలను సిమెంటుతో పూడ్చడం మరింత హానికరం. సున్నపు పూత గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. సిమెంటు దానిని లోపలే బంధిస్తుంది. గోడలో ఇమిడ్చిన కొయ్య దూలాలు అక్కడే కుళ్లుతాయి.

1945లో బ్రన్స్‌విక్ స్క్వేర్ పరిసరాలను కూల్చి కొత్త భవనాలు కట్టాలన్న ప్రతిపాదన రాగా, దానిని ప్రతిఘటించడానికి రీజెన్సీ సొసైటీ ఏర్పడింది. నేడు ఆ చతురస్రంలోని 13వ సంఖ్య ఇంటిని పూర్వరూపానికి తెస్తూ, నేలమాళిగ మొదలుకొని నాటి గృహజీవనాన్ని అధ్యయనం చేస్తున్నారు.