మడమ వెనుక నొప్పి – పరుగు వీరులకు

కానిస్టేబుల్ ఎంపికలో 1600 మీటర్ల పరుగు కోసమని, ఆటల పోటీల కోసమని మన హాస్టళ్లలో తెల్లవారుజామునే పరుగెత్తే అన్నలు, తమ్ముళ్లు చాలామంది. వారిలో కొందరికి బూటు అంచు తగిలేచోట మడమ వెనుక వాపు, నొప్పి వస్తాయి. బెణికిందనుకొని బామ్ రాసి మళ్లీ పరుగెత్తుతారు. అక్కడే చిక్కు.

పిక్క నుండి మడమకు దిగే తాడులాంటి అకిలిస్ స్నాయువుకూ, మడమ ఎముకకూ మధ్య చిన్న నీటితిత్తి ఉంటుంది. దాని పేరు బర్సా. ఎముక, స్నాయువు ఒరుసుకోకుండా అది మెత్తలా కాపాడుతుంది. ఒక్కసారిగా దూరం పెంచినా, గుట్టలెక్కుతూ పరుగెత్తినా, బూటు వెనుకభాగం బిరుసుగా ఉన్నా తిత్తి నలిగి వాస్తుంది. ఇదే బర్సైటిస్. పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే అరికాలివైపు మడమ పోటు పెడితే అది సాధారణంగా వేరే జబ్బు.

మొదటి మందు పరుగు ఆపడమే. ఐసు గుడ్డలో చుట్టి 15 నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు పెట్టాలి. వెనుక పట్టీ లేని చెప్పులు వేసుకోవాలి. నొప్పి మాత్రలు డాక్టరును అడిగే, అన్నం తిన్నాకే వేసుకోవాలి. త్వరగా తగ్గాలని ఎవరిచేతనైనా స్టెరాయిడ్ సూది వేయించుకోవద్దు. స్నాయువు దగ్గర పడితే అది తెగిపోయే ప్రమాదముంది.

ఎరుపు, వేడి, జ్వరం ఉంటే చీము పట్టిందేమో, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఎనిమిది నుండి పద్నాలుగేళ్ల లోపు తమ్ముళ్లకైతే ఎదిగే ఎముక నొప్పి కావచ్చు, దాన్నీ చూపించాలి.

నొప్పి పూర్తిగా పోయాక గోడకు చేతులానించి పిక్కలు సాగదీస్తూ, మట్టి నేలపై సగం దూరంతో మొదలుపెట్టవచ్చు.