పుస్తకం ఎడమకి, లెక్క కుడికి: కంప్యూటర్ తెరని ఇలా సర్దుకోండి

పై వీడియోలో చేసి చూపించినదే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మన కొండల్లో సిగ్నల్ పోతే వీడియో ఆగిపోతుంది. ఇదైతే ఒక కాగితం మీద రాసి పెట్టుకోవచ్చు.

నేను అరకు చుట్టుపక్కల రైతుల దగ్గర కాఫీ, మిరియాలు, పసుపు కొని అమ్ముతుంటాను. ఎవరు ఎన్ని కిలోలు ఇచ్చారు, ఇంకా ఎంత ఇవ్వాలి, ఏ పొలంలో జీవామృతం ఎప్పుడు పోశారు, ఇవన్నీ నోటుబుక్కు నుంచి లిబ్రేఆఫీస్ కాల్క్‌లోకి ఎక్కిద్దామనుకున్నాను. అది ఉచితం. నేర్పే గైడు కూడా పీడీఎఫ్‌గా ఉచితంగానే దొరుకుతుంది. సిగ్నల్ ఉన్నచోట ఒకసారి దించుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు.

మొదట్లో పుస్తకం తెర నిండా, లెక్క తెర నిండా తెరిచి, అటూ ఇటూ తిరిగేవాణ్ణి. రెండు లైన్లు చదివి ఇటు వచ్చేసరికి ఏ గడి అన్నదో మర్చిపోయేవాణ్ణి. ఒక రాత్రి పుస్తకంలోని ఉదాహరణ అంకెని అసలు లెక్కలోనే కొట్టేశాను. ఒక అక్క ఇచ్చిన 84 కిలోల కాఫీ 10 కిలోలైంది. డబ్బులిచ్చే రోజు "నాది ఇంతేనా తమ్ముడూ?" అని అడిగింది. నోటుబుక్కు ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆమె ఏడాది కష్టం, నా మీద నమ్మకం రెండూ పోయేవి.

జీవామృతం కలిపేటప్పుడు 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 200 లీటర్ల నీళ్ళు అని రాసిన కాగితం ఇంట్లో వదిలేసి డ్రమ్ము దగ్గరికి వెళ్తామా? పక్కనే పెట్టుకుంటాం. ఇదీ అంతే.

విండోస్ 10, 11లో ఇలా చేయండి:

1. పుస్తకం, లెక్క రెండూ తెరవండి. లెక్కకి ముందు ఒక కాపీ తీసి, ఆ కాపీలోనే నేర్చుకోండి. అసలు ఫైలు మూసేయండి.

2. పుస్తకం మీద ఒకసారి నొక్కండి. విండోస్ గుర్తున్న కీ పట్టుకుని ఎడమ బాణం కొట్టండి. పుస్తకం ఎడమ సగానికి వెళ్తుంది.

3. కుడివైపు మిగతా విండోలు చిన్న బొమ్మల్లా కనిపిస్తాయి. అందులో లెక్కని నొక్కండి. కనిపించకపోతే లెక్క తెరిచి విండోస్ కీ, కుడి బాణం కొట్టండి.

4. మధ్య గీతని మౌస్‌తో పట్టుకుని జరపండి. నేను లెక్కకి ఎక్కువ చోటు ఇస్తాను.

5. అక్షరాలు చిన్నగా ఉంటే కంట్రోల్ కీ పట్టుకుని మౌస్ చక్రం తిప్పండి. కాల్క్‌లో కుడి పక్క పట్టీ అడ్డొస్తే కంట్రోల్, ఎఫ్5 కొడితే పోతుంది.

ఒక్క జాగ్రత్త. మౌస్ ఏ విండో మీద ఉంటే ఆ పేజీ కదులుతుంది. కానీ మనం కొట్టే అంకెలు మాత్రం చివరగా నొక్కిన విండోలోకే వెళ్తాయి. అందుకే పుస్తకం చదివాక, ముందు కావలసిన గడిని నొక్కి, అప్పుడే అంకె కొట్టండి.

ల్యాప్‌టాప్ తెర మరీ చిన్నదైతే ఆ పీడీఎఫ్‌ని ఫోన్‌లో వేసుకుని పక్కన ఆనించి పెట్టుకోండి. అప్పుడు తెరంతా లెక్కకే.

రోజుకి ఒక్క పాఠం చాలు. చేయి తిరిగేదాకా నోటుబుక్కు మాత్రం పారేయకండి. ఉంటానండి, మళ్ళీ కలుద్దాం.