అందరి ముందూ లెక్క

మనుబోలు అనగానే మనలో చాలామందికి మద్రాసు రోడ్డు, నెల్లూరు-గూడూరు మధ్య రైల్వే స్టేషను, వరి మళ్ళు గుర్తొస్తాయి. ఆ ఊరి సంస్థ ఒకదాని గురించి ఈ సంచికకు రాయమన్నప్పుడు నేను ఎంచుకున్నది మహిళల పొదుపు సంఘాలనూ, వాటికి పైనున్న మండల సమాఖ్యనూ. సొంతూరికి ఏదైనా చెయ్యాలనుకునే ప్రవాసులు మొదట కలవాల్సింది వీళ్ళనే.

ఈ పొదుపుకు పునాది పడింది మన నెల్లూరు జిల్లాలోనే. 1991లో అక్షరదీపం పేరుతో వయోజనుల చదువులు మొదలయ్యాయి. పలకలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు, కూలి డబ్బులు సారా కొట్టుకు ఎలా పోతున్నాయో మాట్లాడుకున్నారు. ఆ మాటలే సారా వ్యతిరేక ఉద్యమమయ్యాయి; అందులో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఇంట్లో నిలిచిన డబ్బు దాచుకుందామన్న ఆలోచన పొదుపులక్ష్మి అయింది: మనిషికి రోజుకు ఒక్క రూపాయి. 2000లో వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం వచ్చాక ఈ సంఘాలు కలిసి గ్రామ సంఘాలు, అవి కలిసి మండల సమాఖ్యలు అయ్యాయి.

ప్రతి అంచెలోనూ పాలకవర్గం ఉంటుంది. అందులో పెద్దగా చదువుకోని వాళ్ళూ ఉంటారు. సంఘాల డబ్బు వాళ్ళ చేతుల మీదుగా ఎలా నడుస్తుందో ఒక సంఘం మీటింగు చూస్తే తెలుస్తుంది. పది పన్నెండు మంది చాపల మీద గుండ్రంగా కూర్చుంటారు. హాజరు వేసుకుని, పోయినసారి తీర్మానాలు చదివిస్తారు. తెచ్చిన పొదుపు, కట్టిన కంతు అందరి ముందూ లెక్కపెట్టి పుస్తకంలో రాస్తారు. ఆ తర్వాతే అప్పు మాట. ఒకరికి బిడ్డ కాన్పు ఖర్చు, ఒకరికి గేదె కొనాలి. ఉన్న డబ్బు ఇద్దరికీ చాలదు. ముందు ఎవరికి ఇవ్వాలో, రెండో ఆమె ఎందుకు ఆగాలో ఆమె ముఖం మీదే చెప్పాలి. రేపు మళ్ళీ అదే వీధి కుళాయి దగ్గర కలుసుకోవాలి. నాయకత్వం అంటే ఏమిటో నేర్పడానికి అంతకు మించిన శిక్షణ లేదు. బ్యాంకులో డబ్బు తియ్యాలన్నా తీర్మానం, ఇద్దరు లీడర్ల సంతకాలు ఉండాల్సిందే.

అన్ని సంఘాలూ బాగా నడవవు. పుస్తకాలు రాయడం వెనకబడితే అనుమానం మొదలవుతుంది. ఏళ్ళ తరబడి ఒకరే లీడరుగా ఉంటే మిగతావాళ్ళు సంతకాలు చేసి వెళ్ళిపోతారు. అందుకే లీడర్లను మార్చాలన్న నియమం పెట్టుకున్నారు. నా దృష్టిలో అన్ని నియమాల్లోకీ విలువైనది అదే, పాటించడం కష్టమైనదీ అదే.

ఇలా రాటుదేలిన మన పల్లె మహిళలు సీఆర్పీలుగా (ఇతర ఊళ్ళలో సంఘాలు కట్టడం నేర్పే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా) బీహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్ళి, భాష సరిగా రాకపోయినా వారాల తరబడి అక్కడి ఊళ్ళలో ఉండి సంఘాలు కట్టించారు. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్‌కు ఆంధ్ర అనుభవం పెద్ద ఆధారం.

మన ప్రవాస సంఘాల్లో మాత్రం ఎన్నికలొస్తే ఊళ్ళ వారీగా, వర్గాల వారీగా చీలిపోతున్నాం. ఖర్చుల లెక్క ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం చివర్లో, హాలు ఖాళీ అవుతున్నప్పుడు చదువుతున్నాం. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పూట ఒక పొదుపు సంఘం మీటింగులో, వాళ్ళ అనుమతితో, మాట్లాడకుండా కూర్చోండి. తిరిగొచ్చాక మన కార్యవర్గం ప్రతి సమావేశాన్నీ లెక్కలతోనే మొదలుపెట్టమని అడగండి.