ప్లాను పక్కన సూచనలకు నంబర్లు

మా అన్న ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదువుతున్నాడు. సెలవుల్లో నాకు ఆటోక్యాడ్ చూపించాడు. ఇంటి ప్లాను పక్కన మేస్త్రీ కోసం సూచనలు రాస్తారు. నేను టెక్స్ట్ కమాండుతో 1, 2, 3 అంటూ తొమ్మిది వరుసలు కొట్టాను. అందులో ప్రతి వరుసా విడివిడిగా ఉంటుంది. 2వది తీసేసేసరికి కింది నంబర్లన్నీ దిద్దుకోవాల్సి వచ్చింది! అన్న నవ్వి ఇలా చెప్పాడు:

1. ఎంటెక్స్ట్ కమాండుతో పెట్టె గీసి, సూచనలన్నీ అందులోనే రాయాలి.
2. వాటిని సెలెక్ట్ చేసి, 'బుల్లెట్స్ అండ్ నంబరింగ్'లో 'నంబర్డ్' నొక్కాలి. మధ్యలో ఒకటి తీసేసినా మిగతా నంబర్లు వాటంతటవే సర్దుకుంటాయి.
3. వరుసతో పని లేకపోతే 'బుల్లెటెడ్' నొక్కాలి. చుక్కలు వస్తాయి.

అయితే ఒక చిక్కుంది. ప్లానులో గోడ దగ్గర "5వ సూచన చూడుము" అని మనం రాసింది మాత్రం మారదు. పైన ఒకటి తీసేస్తే పాత 5 కాస్తా 4 అయి కూర్చుంటుంది. పాపం మేస్త్రీ 5 చదివి, వేరే గోడకు చెప్పిన పాళ్లలో సిమెంటు, ఇసుక కలిపేస్తాడు. గోడ బీటలు వారితే ఎవరిని అనాలి? అందుకే అన్న ప్రింటు తీసే ముందు ఒక్కో నంబరు మీదా వేలు పెట్టి సరిచూస్తాడు. మనమూ అలాగే చేద్దాం.