బంగాళాఖాతం లవణీయతలో రుతువారీ మార్పులు - ఉపగ్రహాల ద్వారా పరిశీలన

సముద్రపు నీరంతా ఒకే విధంగా ఉప్పగా ఉండదు. మహాసముద్రాలలో కిలోగ్రాము నీటికి సగటున 35 గ్రాముల లవణాలు ఉండగా, నైరుతి రుతుపవనాల అనంతరం ఉత్తర బంగాళాఖాతం ఉపరితలంలో ఇది 30 గ్రాముల కంటె దిగువకు పడిపోతుంది. ఆవిరయ్యే నీటి కంటె వర్షాల ద్వారా, గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వంటి నదుల ద్వారా వచ్చి చేరే నీరు అధికం కావడమే ఇందుకు కారణం. బాష్పీభవనం అధికంగా ఉండే ఉత్తర అరేబియా సముద్రంలో లవణీయత 36 గ్రాములను మించుతుంది.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు తూర్పుతీర ప్రవాహం దక్షిణ దిశగా సాగి, ఈ తేలికైన నీటిని ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తీరాల వెంబడి తీసుకొనిపోతుంది. తూర్పు తీరంలో మత్స్యకారులు క్రమం తప్పక సేకరించిన నీటి నమూనాల ఆధారంగా 2014లో వెలువడిన పరిశోధన, దీనిని సుమారు 100 కిలోమీటర్ల వెడల్పు గల 'సముద్రంలోని నది'గా అభివర్ణించింది. వేసవి ఆరంభంలో ప్రవాహం ఉత్తర దిశకు మరలడంతో తీరంలో లవణీయత తిరిగి పెరుగుతుంది.

ఉపగ్రహాలు కొలిచే విధానం

సముద్ర ఉపరితలం సహజంగానే బలహీనమైన మైక్రోవేవ్ తరంగాలను వెలువరిస్తుంది. నీటిలో లవణాలు మారితే విద్యుత్ వాహకత, దానితోపాటు ఈ తరంగాల తీవ్రత మారుతాయి. 1.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద ఈ తేడాను గుర్తించి, ఉష్ణోగ్రత, అలల ప్రభావాలను తొలగించి లవణీయతను లెక్కిస్తారు. ఐరోపా అంతరిక్ష సంస్థ 2009 నవంబరులో ప్రయోగించిన స్మోస్, 2011 నుండి 2015 వరకు పనిచేసిన అక్వేరియస్, 2015 జనవరిలో నాసా ప్రయోగించిన స్మాప్ ఈ కోవలోనివే.

అయితే ఉపగ్రహం చూడగలిగేది పైనున్న ఒక సెంటీమీటరు మేర పొరను మాత్రమే. తీరానికి సమీపంలో భూభాగం నుండి వెలువడే తరంగాలు కొలతలకు అవరోధమవుతాయి. అందువల్ల 2,000 మీటర్ల లోతు నుండి సాధారణంగా 10 రోజులకొకసారి పైకి వచ్చే ఆర్గో పరికరాల కొలతలతో వీటిని సరిపోల్చుతారు. హిందూ మహాసముద్రంలోని ఆర్గో సమాచారానికి ప్రాంతీయ కేంద్రంగా, 1999లో హైదరాబాద్‌లో ఏర్పాటైన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్, వ్యవహరిస్తున్నది.

తుపానులతో సంబంధం

ఉప్పు తక్కువైన నీరు తేలికైనందున పైపొరగా నిలిచిపోతుంది. దాని అడుగున వెచ్చని నీరు చిక్కుకొని ఉంటుంది. సాధారణంగా తుపాను గాలులు లోతులోని చల్లని నీటిని పైకి కలిపి, తుపానుకు అందే వేడిని తగ్గిస్తాయి. ఈ పైపొర ఉన్నచోట ఆ చల్లబాటు మందగించి తుపాను బలపడే అవకాశం పెరుగుతుంది. 1977 నవంబరులో దివిసీమను, 2014 అక్టోబరులో హుద్‌హుద్ రూపంలో విశాఖపట్నాన్ని తాకిన తుపానులు రుతుపవనాల అనంతర కాలంలో సంభవించినవే. ఏ ఒక్క తుపాను తీవ్రతకూ లవణీయత ఒక్కటే కారణం కాకపోయినప్పటికీ, సముద్ర ఉష్ణోగ్రతతోపాటు దీనిని కూడ పరిగణనలోనికి తీసుకొనడం తీరప్రాంత ముందస్తు అంచనాలకు ఉపకరిస్తుంది.