చినుకును లెక్కించువారు

పుష్యమాసము వచ్చినదనగా తెలుగు పత్రికలలో జి.మాడుగుల పేరు తప్పక కనిపించును. లంబసింగి, మినుములూరు, అరకులతోపాటు గంగరాజు మాడుగులయందును ఉష్ణోగ్రత ఒంటి అంకెకు దిగినదను వార్తను పట్టణవాసులు దుప్పటి కప్పుకొని చదివెదరు. కొందరు విశాఖపట్టణమునుండి కార్లలో బయలుదేరి, మంచుతెరలను చూచి, కొత్తపల్లి జలపాతమువద్ద ఛాయాచిత్రములు తీయించుకొని మరలెదరు. ఆ అంకె ఎట్లు పుట్టినది, దానికై ఎవరు సొమ్ము వెచ్చించిరి, ఆ పరికరముల ప్రక్కనే యుండు వానకొలత పాత్ర ఆషాఢమున రైతునకు ఏమి చెప్పవలసియున్నది అను ప్రశ్నలు సాధారణముగా ఎవరికిని తట్టవు. చలి అంకె యాత్రికునకు వినోదము. వాన అంకె మాడుగుల రైతునకు సంవత్సరపు గ్రాసము.

ఈ కొండలు నీటికి పంపకపు గట్టువంటివి. తూర్పువాలున పడిన చినుకు శారద మొదలగు చిన్న నదులలో చేరి, అనకాపల్లి ప్రాంతపు చెరకుతోటలను తడిపి, త్వరలోనే బంగాళాఖాతమున కలియును. పడమటివైపు పడిన చినుకు చేయు యాత్ర కడు దీర్ఘమైనది. అది మత్స్యగెడ్డలో పుట్టి, మాచ్‌ఖండ్ అయి, డుడుమవద్ద 1955లో ప్రారంభమైన విద్యుత్కేంద్రపు చక్రములను త్రిప్పి, సీలేరను పేరు దాల్చి, శబరిలో కలిసి, భద్రాచలమునకు దిగువన కూనవరమువద్ద గోదావరి యగును. 1986 ఆగస్టు 16వ తేదీన ధవళేశ్వరము ఆనకట్టను దాటిన వరద 35 లక్షల క్యూసెక్కులను మించినది. అట్టి దినములలో కోనసీమ లంకలలోని వాడు పశువుల పలుపులు ఎప్పుడు విప్పవలెనో ఎరుగుటకు శబరి ఏమి తెచ్చుచున్నదో ముందుగా తెలియవలెను. శబరి సంగతి తెలియుటకు కొండమీది వాన తెలియవలెను. మాడుగులలో తీసిన కొలత మాడుగులవారి సొంత విషయము మాత్రమే కాదు.

కొలత తీయుట కష్టమైన విద్య కాదు. ఏడవ తరగతి విద్యార్థికిని సాధ్యమే. ఒక గరాటు, దాని క్రింద నొక సీసా, అంకెలు చెక్కిన గాజుగొట్టము, ఇంతే పరికరము. దగ్గరి చెట్టు ఎత్తునకు కనీసము రెండింతల దూరమున దానిని నిలిపి, ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు చూడవలెను. ఒక మిల్లీమీటరు వాన అనగా చదరపు మీటరుపై ఒక లీటరు నీరు. అదే ఎకరముపై నాలుగువేల లీటర్లు. చదరపు కిలోమీటరుపై పదిలక్షల లీటర్లు. వాతావరణశాఖ పరిభాషలో 64.5 మిల్లీమీటర్లకు చేరినది ‘భారీ వర్షము’. అట్టి వాన ఒక్క ఎకరపు చోడిచేనిపై రెండు లక్షల అరువదివేల లీటర్లు కుమ్మరించును. ఈ లెక్కను నల్లబల్లపై వేయించిన ఉపాధ్యాయునకు పాఠము వేరుగా చెప్పవలసిన పని యుండదు.

చిక్కంతయు కొండ స్వభావమునందున్నది. మైదానమున ఒక పాత్ర చెప్పినది చుట్టుప్రక్కల పదియూళ్ళకు వర్తించవచ్చును. ఏజెన్సీలో ఒక గట్టునకు ఆవల కుండపోతయు, ఈవల ఎండయు కాయుట నిత్యము చూచునదే. అందుచేతనే ప్రపంచ వాతావరణ సంస్థ కొండప్రాంతములలో ప్రతి 250 చదరపు కిలోమీటర్లకు ఒక వానకొలత కేంద్రమైనను ఉండవలెనని సూచించినది. 2022 ఏప్రిలులో ఏర్పడిననాడు అల్లూరి సీతారామరాజు జిల్లా వైశాల్యము 12,251 చదరపు కిలోమీటర్లు. ఆ లెక్కన నలుబదితొమ్మిది కేంద్రములు అవసరము. ఇది కనీసపు సంఖ్య మాత్రమే. అవి యుండిన చాలదు, చెడిపోకుండ నుండవలెను. చెడినవానిని బాగుచేయువాడు కొండ యెక్కి రావలెను. అచటనే ధనము ప్రసక్తి వచ్చును.

మన తీరమున ఈ శాస్త్రమునకు మొదటి పెట్టుబడి ప్రభుత్వమునుండి రాలేదు. 1840లో విశాఖపట్టణపు డాబాగార్డెన్సులో గోడే వెంకట జగ్గారావు తన సొంత సొమ్ముతో నక్షత్రశాలను స్థాపించెను. ఆయన అనంతరము అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడపి, ఖగోళ పరిశీలనలతోపాటు వాతావరణ పరిశీలనలను కూడ శ్రద్ధగా వ్రాసియుంచెను. జమీందారుల వైభవమనగా కచేరీలు, భోజనములు అని తలచువారు ఈ మామా అల్లుళ్ళను గుర్తుంచుకొనుట మంచిది. అయితే ఒక కుటుంబపు ఔదార్యముమీద దేశపు రుతుపవనములను కొలుచుట సాధ్యము కాదు.

ప్రభుత్వము కదలుటకు ఆపదలు కావలసివచ్చినవి. 1864లో కలకత్తాను తుఫాను ముంచివేసెను. 1866లోను, 1871లోను వానలు తప్పినవి. ఆ మీదట 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడి, బ్లాన్‌ఫర్డు దానికి అధికారి యయ్యెను. 1886 జూన్ 4న రుతుపవనములపై తొలి దీర్ఘకాలిక సూచన వెలువడెను. 1904లో శాఖకు పెద్దగా వచ్చిన గిల్బర్టు వాకరు గణితవేత్తయే కాని వాతావరణజ్ఞుడు కాడు. ఆయన భారతీయ గుమాస్తాలచే ప్రపంచపు నలుమూలల పీడనపు లెక్కలు కట్టించి, పసిఫిక్ మహాసముద్రమునకును మన వానలకును గల సంబంధమును పట్టుకొనెను. ఆనాడు ఆ గుమాస్తాల జీతములను దండుగమారి వ్యయమని కోసివేసియుండినచో, ‘ఎల్ నినో’ అను మాటను నేడు రైతుల నోట వినియుండెడివారము కాము. పరిశోధనమునకు పెట్టిన రూపాయి ఎప్పుడు పండునో పెట్టినవానికి తెలియదు. అదియే దానికి గల గొప్ప ఇబ్బంది.

తెలుగువారి పాలు ఇందు తక్కువ కాదు. 1958లో పంచేటి కోటేశ్వరము ఉష్ణమండలమున తూర్పునుండి వీచు ఎత్తైన వాయుధారను వర్ణించి ప్రకటించిన వ్యాసము రుతుపవన శాస్త్రమున మైలురాయి. తరువాత ఆయనయే శాఖకు అధిపతి యయ్యెను; 1975లో పద్మభూషణ పురస్కారమును పొందెను. వాల్తేరులోని ఆంధ్రవిశ్వకళాపరిషత్తు వాతావరణ, సముద్రశాస్త్రములకు ప్రత్యేకశాఖను నెలకొల్పినది. అచట ఆచార్య వి.పి. సుబ్రహ్మణ్యము నేల ఎంత నీటిని పట్టుకొనును, ఎంత ఆవిరియగును, ఎంత పారును అను జమాఖర్చులను మన ప్రాంతములకు అన్వయించి శిష్యులకు నేర్పెను. వాన పడుట వేరు, నీరు మిగులుట వేరు. ఈ భేదము మాడుగుల పోడురైతునకు అనుభవముచే తెలియును. దానిని అంకెలలో చెప్పుట ఆ శాస్త్రపు పని.

స్వాతంత్ర్యానంతరపు చరిత్రయు ఇంచుమించు ఇట్లే నడచినది. కేంద్ర జలసంఘము 1958లో ఢిల్లీవద్ద యమునపై వరదసూచనలు ప్రారంభించెను. 1970లో తుఫానులను కనిపెట్టు రాడారును విశాఖపట్టణమున నెలకొల్పిరి. 1974లో అచటనే తుఫాను హెచ్చరికల కేంద్రము వెలసెను. అయినను 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన మింగెను. 2002లో వానలు సామాన్యముగానుండునని సూచింపగా దేశమున నూటికి పందొమ్మిది పాళ్ళు తక్కువ కురిసినవి. ఆ అపజయమునుండి పాత పద్ధతులను సవరించిరి. 2012లో రుతుపవన పరిశోధనకై జాతీయ కార్యక్రమమును ఆరంభించిరి. 2016లో జలసమాచారము నిమిత్తము సుమారు 3,680 కోట్ల రూపాయల జాతీయ జలవిజ్ఞాన పథకము ఆమోదము పొందెను. 2021–26 కాలమునకు 4,797 కోట్లతో ‘పృథ్వి’ పథకమును 2024 జనవరిలో అంగీకరించిరి. పరిశోధన, విద్య, శిక్షణలకు అందొక భాగము కలదు. అదే సంవత్సరము సెప్టెంబరులో ‘మిషన్ మౌసమ్’ నకు రెండేండ్లకు 2,000 కోట్లు కేటాయించిరి. వినుటకు భారీమొత్తమే. దేశ జనాభాకు పంచిచూచినచో తలకు ఏటికి ఏడు రూపాయలు. పాడేరు సంతలో ఒక కప్పు తేనీటికే అది చాలదు.

ఆ ఏడు రూపాయలలో యంత్రముల పాలెంత, మనుష్యుల పాలెంత అనునదే అసలు తగవు. రాడారు, గణకయంత్రము, ఉపగ్రహము కంటికి కనిపించు వస్తువులు; ప్రారంభోత్సవమునకు అనువైనవి. సూచనను చదివి ‘రేపు చిక్కుడుతీగలకు మందు చల్లకుము, ఎల్లుండి వాన’ అని ఒక రైతునకు తెలియచెప్పు మనుష్యుడు అట్లు కనిపింపడు. కృషి విజ్ఞాన కేంద్రములలో నెలకొల్పిన 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగములు వారమునకు రెండుమార్లు, మంగళ శుక్రవారములలో, మండలముల వారీగా సలహాలు సిద్ధముచేసెడివి. 2024 ఆరంభమున వానిని మూసివేసిరి. సమాచారము యంత్రములద్వారా దానంతట వచ్చుచుండగా సిబ్బంది ఏల అను వాదము వినవచ్చినది. యంత్రము ఉష్ణోగ్రతను పంపును, నిజమే. ఏ ఊర పసుపు తవ్వకము మొదలైనదో యంత్రమునకు తెలియదు. విశ్వవిద్యాలయములలో వాతావరణశాస్త్రము చదివిన యువకులకు ఆ విభాగములు బ్రతుకుతెరువు కూడ. ఉద్యోగము లేని చదువునకు విద్యార్థులు ఎంతకాలము వత్తురు?

మాడుగుల రైతు పంచాంగము ఎరుగనివాడు కాడు. ఇటుకల పండుగనాడు విత్తనములను దేవతముందుంచి పూజించి, తొలకరికి సిద్ధమగును. గాలివాటము, కొండపై మబ్బునిలుకడ, చీమలబారు అతనికి పాఠ్యపుస్తకములు. కాని ఇప్పటి పంటలు పాత పుస్తకమునకు లొంగవు. రాజ్‌మా చిక్కుడు వానలు ముగియువేళకు వేసి చలిలో పండించునది. నీరు నిలిచినచో కుళ్ళును. కాఫీకి మార్చి, ఏప్రిలు నెలలలో పూతజల్లు కావలెను. నవంబరు మొదలు జనవరివరకు కోసిన పండ్లను కళ్ళములలో ఎండబోసినప్పుడు ఒక్క తుఫాను జల్లు చాలును, బూజుపట్టి ధర పడిపోవుటకు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ రాకను శాఖవారు రోజులముందే చెప్పి తీరమున ప్రాణములను కాపాడిరి. ఆ గాలులకే కైలాసగిరిమీది డాప్లర్ రాడారు దెబ్బతినెను. ఏజెన్సీలో సిల్వర్ ఓకు చెట్లు కూలి కాఫీతోటలపై పడినవి. ఆ రాడారు కిరణము బాగున్న దినములలో సైతము తూర్పుకనుమల శిఖరములకు తగిలి ఆగును. ఆగనిది లోయలోని తక్కువ మబ్బును చూడక పైనుండి పోవును. అందువలన లోయలకు నేలమీది పాత్రయే దిక్కు.

భాష మరియొక అడ్డు. ఈ మండలములలో కువి, ఆదివాసీ ఒడియా మాటలాడు కుటుంబములు పెక్కు. ‘అక్కడక్కడ తేలికపాటినుండి మోస్తరు వర్షములు’ అను వాక్యమును చదివిన తెలుగు పండితునకే ‘అక్కడ’ ఎక్కడో తెలియదు.

గిరిజన ఆశ్రమ పాఠశాలలు ఈ చిక్కులలో కొన్నిటిని చౌకగా తీర్చగలవు. విద్యార్థులు అచటనే నివసించెదరు కనుక ఆదివారము, పండుగ అను అంతరాయము లేకుండ కొలత సాగును. 8.30 అనునది తొలిగంటకు ముందరి సమయమే. పిల్లలు తమ యింటిభాషలో తల్లిదండ్రులకు చెప్పగలరు. పాత్ర వెల స్వల్పము. ఒక పుస్తకము, ఒక కలము, చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానమునకు దినమున కొక సందేశము, అంతకుమించి పెద్ద వ్యయము లేదు. వేసవి సెలవులు మాత్రము చిక్కు. పిల్లలు ఊళ్ళకు పోవు ఏప్రిలు చివరనుండి జూను నడిమివరకే పిడుగులతో కూడిన గాలివానలును, తొలకరియు కురియును. ఆ ఏడు వారములు పాత్రను చూచుటకు కాపలాదారుడు ఒప్పుకొనవచ్చును; అతనికి దినమునకు కొంత భత్యము ముట్టవలెను. అది జలపద్దు క్రిందికి వచ్చునో, విద్యాపద్దు క్రిందికి వచ్చునో, వాతావరణ పద్దు క్రిందికి వచ్చునో నిర్ణయించు కాగితము ఏదో యొక కార్యాలయమునుండి రావలసియున్నది.